డైనా దిబ్బ మీదుగా దారి

హెస్టర్ మోలక్ కష్టపడి సాధించిన మొదటి గెలుపు కూరకూ తోలుకూ పట్టే చిత్తడి ఎలుకలను వలిచే పందెం. మేరీలాండ్ తూర్పు తీరపు ఉప్పు చిత్తళ్లలో అంతకు మించిన పందెం లేదు. ఆడమనిషి కత్తి పట్టుకుని మగవాళ్ల బల్ల దగ్గర నిలబడటం అప్పటిదాకా ఎవరూ చూడలేదు. మొద్దు కత్తి చేతికిచ్చి, బల్ల చివర నిలబెట్టారు. బొటనవేలి కొస తెగిపడినా ఆమె చెయ్యి ఆగలేదు. ఓడిపోయినవాడు ఓడెల్ క్యాంపర్.

"ఒరే ఓడెల్, నా వేలి ముక్క ఆ మాంసంలో కలిసిపోయిందిరా. కూరలో చూసుకుని తిను!" అంది అందరి ముందూ. ఆ నవ్వులను ఓడెల్ ముసలివాడయ్యాక కూడా మరిచిపోలేదు.

ఆ తర్వాత ఆమె గెలవనిదేముంది? నల్లవాళ్ల శ్మశానం మీదుగా రాబోయిన రోడ్డును పక్కకు జరిపించింది. తుపానుకు కొట్టుకుపోయిన చర్చి గంటను బురదలోంచి తవ్వి తీయించింది. బడిలో వంట చేస్తూనే, బానిసలు పారిపోయిన దారులను గుర్తుగా నిలబెట్టాలని ఆఫీసుల చుట్టూ తిరిగి జిల్లావాళ్ల మెడలు వంచింది. ఇక మిగిలింది ఒక్కటే. జిల్లావాళ్లు వేయబోయే ఆ గుర్తు దారి పైన్ చెట్ల దిబ్బ మీదుగా పోవాలి. అక్కడ జరిగింది జరిగినట్టు బోర్డు మీద రాయాలి.

ఆమె ముత్తవ్వ ఫిలిస్, చెల్లెలు డైనాతో కలిసి ఆ చిత్తడిలోంచే పారిపోయింది. దిబ్బ దగ్గర డైనా నడుము దాకా దిగబడింది. కుక్కలకు వాసన అందలేదు. వేలెత్తి చూపింది ఐజాక్ క్యాంపర్, యజమానికి ఎలుకలు పట్టిపెట్టే తోటి బానిస. ఫిలిస్ తప్పించుకుంది; డైనాను పట్టుకుని దక్షిణాది తోటలకు అమ్మేశారు. ఆపైన ఆమె ఊసు లేదు. బానిసత్వాన్ని రద్దు చేసిన యుద్ధం అయ్యాక ఫిలిస్ తిరిగొచ్చి, బతికినన్నాళ్లూ చర్చిలో ఐజాక్ వెనక బెంచీలోనే కూర్చుంది. అతని వంక చూడకుండా, అతనికి వినబడేలా, పిల్లలకు ఆ కథ చెప్పేది.

ఆ ఐజాక్ మునిమనవడే ఓడెల్. దిబ్బ చుట్టూ ఉన్న చిత్తడి ఇప్పుడు అతని కౌలులో ఉంది. అతను సరేనంటేనే దారి.

చలికాలంలో చర్చి వంటగదిలో, దారి పని చూసే కమిటీవాళ్లు ఇద్దరినీ కూర్చోబెట్టారు.

"దారి ఇస్తానక్కా, కాదనను. బోర్డు మీద మా ఇంటిపేరు మాత్రం ఉండకూడదు" అన్నాడు ఓడెల్.

"డైనా తనంతట తనే వెళ్లి అమ్ముడుపోయిందని రాయించమంటావా?"

"మా ముత్తాత వీపు మీది చారలు చూసినవాళ్లు మాకు చెప్పారు. చెప్పకపోతే ఆ కొరడా మళ్లీ అతని మీదే పడేది."

"కొరడా అందరికీ పడిందిరా. వేలెత్తింది మీవాడొక్కడే."

ఓడెల్ కుర్చీ తన్ని లేచి వెళ్లిపోయాడు.

నేల గట్టిదో కాదో తామే నడిచి చూస్తామన్నారు కమిటీవాళ్లు, దారి చూపించడానికి హెస్టర్‌ను తెల్లారే రమ్మన్నారు. హెస్టర్ ఓడెల్‌ను అడగకుండానే అతని చిత్తడిలో దిగింది. కమిటీవాళ్లు నడిచే చోటంతా అతని ఎలుకల ఉచ్చులకు గుర్తుగా పాతిన కర్రలే. వాటిని పీకి దిబ్బ అంచున పేర్చింది. అక్కడివాళ్లకు ఒక కట్టుబాటు ఉంది. కర్ర పాతి ఉన్నంతకాలం ఆ నేల పాతినవాడిది. అదే కర్ర నీళ్ల మీద తేలుతూ కనబడితే, వాడు వదులుకున్నట్టే. చిత్తడిలో పుట్టి పెరిగిన హెస్టర్ ఆవేళ పౌర్ణమి పోటు సంగతి మరిచింది. నీళ్లు దిబ్బ అంచు తాకి కర్రలన్నిటినీ ఎత్తుకుపోయాయి. తేలే కర్రలను చూసినవాళ్లు చూసినట్టు ఆ నేలలో తమ ఉచ్చులు దింపేసుకున్నారు. ఓడెల్‌కు ఆ ఏడు వేటలో ముఖ్యమైన రోజులు పోయాయి.

"కర్రలను పోటు ఎత్తుకుపోయింది. నేను నీళ్లలో వదిలెయ్యలేదు" అందామె, అతని వాకిట్లో నిలబడి. క్షమించమని మాత్రం అనలేదు.

"తెలివి తక్కువై చేశావో, కావాలని చేశావో కోర్టులో చెప్పుకో అక్కా" అని అతను తలుపు వేసుకున్నాడు. ఆమె పేరు చెప్పి, పోలీసులకు ఇల్లు కూడా తనే చూపించాడు.

జడ్జి మెత్తగానే చెప్పాడు. "ఓడెల్‌కు ఒక్క క్షమాపణ చెప్పమ్మా, ఇంటికి వెళ్లు."

"ముందు క్యాంపర్లు మా డైనాకు చెప్పమనండి. నాది ఆ వెనకే వస్తుంది."

నెల రోజుల జైలు వేశారు. చేతులకు బేడీలు వేస్తుంటే ఓడెల్ దగ్గరకొచ్చాడు. "మా ముత్తాత ఒక్కరినే చూపించాడక్కా. నేనూ ఒక్కదాన్నే చూపించాను. ఇదీ రాయించు బోర్డు మీద."

"రాయిస్తానురా. నీ పేరుకు అక్షరాలు పెద్దవే పెట్టిస్తాను."

ఫిబ్రవరి చివరి ఆదివారం దారి తెరిచారు. ఆ దారి దిబ్బ దాకా పోలేదు, తారు రోడ్డు వెంటే తిరిగింది. కాకపోయినా పారిపోయినవాళ్ల వారసుడని చెప్పి ఓడెల్‌ను ముందు నిలబెడితే, తోలు వలిచే కత్తితోనే రిబ్బను కోశాడు. బోర్డు మీద ఫిలిస్ పేరు ఉంది. డైనా పేరు లేదు. ఆ సాయంత్రం చర్చి విందులో ఉల్లిపాయలేసి ఉడికించిన ఎలుక కూర పెట్టారు. హెస్టర్ కూర్చునే చోట తమ చలికోట్లు పడేసుకున్నారు.

మిగిలిన రోజులకైనా అని ఓడెల్ మళ్లీ కొత్త కర్రలు చెక్కి, దిబ్బ చుట్టూ పాతుకున్నాడు. ఎలుకల వేట మార్చి పదిహేనుతో ముగుస్తుంది. హెస్టర్ ఇంటికొచ్చేది మార్చి పన్నెండున. అప్పటికి ఆ కర్రలింకా మూడు రోజులు అక్కడే పాతి ఉంటాయి.