ఏ గుంపులోనూ ఇమడని జైతూన్ బీ

జైతూన్ బీ కుట్టిన సీటు మీద కూర్చోకుండా కృష్ణా జిల్లాలో బస్సు ప్రయాణం చేసిన మనిషి ఉండడని ఆటోనగర్‌లో అనేవాళ్ళు. ముందు ఆవిడే అనేది, ఆ తర్వాత మిగతావాళ్ళూ అనేవాళ్ళు. భర్త పోయిన ఏడాది వెంకటసుబ్బారావుగారి షెడ్డులో చేరింది. బస్సులకి బాడీలు కట్టే షెడ్డు అది. పదిహేడేళ్ళు రెక్సిన్ సీట్లు కుట్టింది. ఆడవాళ్ళకి ఇక్కడ పనేమిటని నవ్విన మగ టైలర్లు కూడా సీటు మూల తిప్పడం ఆవిడ దగ్గరే నేర్చుకుని పోయారు. నేర్పినందుకు ఒక్కడూ టీ తాగించలేదు, అది వేరే సంగతి.

అలాంటి మనిషికి రెండువేల మూడో సంవత్సరం ఎండాకాలంలో సూది బెజ్జం కనపడడం మానేసింది. కుడికంట్లో పొర కమ్మింది. ఎడమకన్నూ అదే దారిలో ఉంది. ఎవరికీ చెప్పలేదు. అందరూ ఎనిమిదిన్నరకి వస్తే ఆవిడ ఎనిమిదికే వచ్చి, మిషన్ని గేటు వైపు వెలుతురుకి జరిపి దారం ఎక్కించుకునేది. ఉండ అయిపోవచ్చినప్పుడు పాత దారం కొసకి కొత్త దారం సన్నగా ముడివేసి మెల్లగా లాగేది. రెక్సిన్ సూది లావు కాబట్టి ముడి బెజ్జంలోంచి దూరి వచ్చేసేది. కుట్టు తిన్నగా పోతోందో లేదో ఎడమచేతి బొటనవేలి గోరు చెప్పేది. మధ్యలో దారం తెగకపోతే ఆ రోజు గడిచినట్టే. తెగితే మాత్రం మంచినీళ్ళకని లేచి, పక్కవాళ్ళు టీకి పోయేదాకా కుండ దగ్గరే గ్లాసులు తోముతూ నిలబడేది.

ఇంకో భయం కూడా ఉంది. ఇకమీదట రెడీమేడ్ సీట్లు తెప్పిస్తారనీ, కుట్టేవాళ్ళు ఆరుగురిలో ముగ్గురే మిగులుతారనీ షెడ్డంతా గుసగుస. ఆ ముగ్గురూ ఎవరన్నది ఎవరికీ తెలీదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే దీవెన వచ్చింది. కంకిపాడు పిల్ల, మనస్తత్వశాస్త్రంలో పరిశోధన చేస్తోంది. చేతిలో కాగితాల కట్ట, మెడలో చిన్న శిలువ. సుబ్బారావుగారు ఆ అమ్మాయిని షెడ్డు మధ్యలో నిలబెట్టి గట్టిగా చెప్పారు.

"ఈ అమ్మాయి అడిగినవాటికి నిజం చెప్పండి. పని మీద ఎవరికి మనసుందో, ఎవరికి లేదో తేలుతుంది. నాకూ ఒక కాపీ ఇస్తానంది."

ఆయన మామూలుగానే అన్నారు. విన్నవాళ్ళకి మాత్రం వేరేగా వినపడింది.

మధ్యాహ్నం అన్నాల దగ్గర అమలమ్మ అందరినీ కూడగట్టింది. పక్క మిషన్ ఆవిడదే, నోరు పెద్దది. "చూడండర్రా, మొత్తం ఇరవై ప్రశ్నలంట. అస్సలు కాదంటే ఒకటి, ముమ్మాటికీ అవునంటే ఐదు. ఎవరు తక్కువ చెబితే వాళ్ళకి ఉద్వాసన. అందుకని అందరం ఐదు చెబుదాం. దేనికైనా ఐదే!"

"ముందు ప్రశ్న వినొద్దా అక్కా?" అంది జైతూన్ బీ.

"వింటే ఆలోచిస్తావు, ఆలోచిస్తే తడబడతావు. నీకెందుకే, నోరు మూసుకుని ఐదను."

షెడ్డులో ఉన్న ముప్ఫైఒక్క మందీ ఐదే అన్నారు. ఈ పని మీకు ఇష్టమేనా? ఐదు. ఈ పని చేస్తుంటే విసుగొస్తుందా? ఐదు. ఇక్కడే ఉండిపోవాలనుందా? ఐదు. రేపే మానేసి పోవాలనుందా? దానికీ ఐదే. వెల్డింగ్ వెంకటప్పయ్య ప్రశ్న సగంలో ఉండగానే ఐదనేశాడు.

మూడో రోజు దీవెన మళ్ళీ వచ్చి రెక్సిన్ చుట్టల మీద కూలబడింది. తిట్టలేదు. కళ్ళు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

"ముప్ఫైఒక్క కాగితాల్లో నాకు ఒక్క మనిషీ కనపడట్లేదండీ. అందరినీ కలిపి సగటు తీసే చదువు కాదు నాది. ఒక్కొక్క మనిషిలో ఏవేవి కలిసి ఉన్నాయో చూడాలి. ఒకళ్ళు ఇష్టంతో వస్తారు, ఒకళ్ళు ఇంకో దారి లేక వస్తారు. ఆ తేడా చూడకుండా మీ మంచిచెడ్డలు ఎలా తెలుస్తాయి? కాగితం వద్దు, ఒక్కొక్కరితో మాట్లాడతాను. పేర్లు రాయను."

ఎవరికీ కనిపించకుండా పోదామని జైతూన్ బీ మిషన్ మీదకి ఇంకా వంగింది. ఆ వంగడం చూసే దీవెన ఆవిడ దగ్గరికి వచ్చింది.

"మీతో మొదలుపెడదామా ఆంటీ?"

ఇద్దరూ సగం కట్టిన బస్సులోకి ఎక్కి, సీట్లు లేని రేకు మీద కూర్చున్నారు. జైతూన్ బీ కొంగు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది.

"ఈ పనిలో మీకేం బాగుంటుంది?"

ఆ ప్రశ్నకి జైతూన్ బీ కొంగు వదిలేసింది. ఫోము మీద రెక్సిన్ లాగి కుట్టాక చేత్తో రాస్తే ఒక్క ముడత తగలకూడదంది. తగలకపోతే ఆ రోజు అన్నం రుచిగా ఉంటుందంది. ఇబ్రహీంపట్నం స్కూలు బస్సు సీట్లు కుట్టినప్పుడు, పిల్లల తొడలకి కుట్టు గుచ్చుకోకుండా అంచు లోపలికి తిప్పిందట. ఎవరూ చెప్పలేదు, తనకే తోచింది. చెబుతుంటే ఆవిడ మెడ నిటారుగా అయింది.

"మరి కష్టమేది?"

"ఏముంది, పొద్దున్నే రావడం."

"అందరూ ఎనిమిదిన్నరకే కదా?"

"నేను ఎనిమిదికే వస్తా. అప్పుడైతేనే దారం ఎక్కించడానికి వెలుతురు..."

మాట జారిపోయింది. నాలుక కరుచుకుంది. దీవెన కలం ఆగింది, ఆవిడ కళ్ళకేసి చూశాక మళ్ళీ కదిలింది. ఆ కలం ఏం గీస్తోందో జైతూన్ బీకి తెలీదు. చదువొస్తే తెలిసేదేమో. చదువొచ్చినా, ఆ కళ్ళకి ఆనేది కాదు.

దీవెన మిగతా ముప్ఫైమందితోనూ మాట్లాడి వెళ్ళింది. ఆ తర్వాత రెండు నెలలు జైతూన్ బీ మనిషి మనిషిగా లేదు. సుబ్బారావుగారు ఆఫీసు అద్దాల గదిలోంచి బయటికి వస్తే చాలు, తన దగ్గరికేననుకునేది. ఆయన వేరే ఎవరినో పిలిచినా లేచి నిలబడేది. "నీకేం దెయ్యం పట్టిందే? అన్నం ముద్ద అక్కడే పెట్టి చూస్తావేంటి?" అని అమలమ్మ కేకలేసేది. పక్కన ఎనిమిదేళ్ళుగా కూర్చున్న మనిషికి కూడా చెప్పలేకపోయింది.

ఆగస్టులో దీవెన వచ్చి, గేటు బయట వేపచెట్టు కిందికి పిలిచింది.

"ఆంటీ, మీ షెడ్డులో నాలుగు గుంపులు తేలాయి. పని ఇష్టమైనవాళ్ళకి భయం తక్కువ. భయం ఎక్కువున్నవాళ్ళకి ఇష్టం తక్కువ. జీతం కోసమే వచ్చేవాళ్ళు కొందరు. ఇటూ అటూ కానివాళ్ళు కొందరు. ముప్ఫైమంది వీటిల్లో సర్దుకున్నారు. మీరు ఎందులోనూ పట్టలేదు. మీకు ఇష్టమూ నిండుగా ఉంది, భయమూ నిండుగా ఉంది."

"తప్పా అది?"

"తప్పు కాదండీ. నా పరిశోధన చూసే మేష్టారైతే మీ గురించి విడిగా రాయమంటున్నారు. కానీ పేరు రాయకపోయినా, పదిహేడేళ్ళుగా సీట్లు కుడుతున్న ఆడమనిషి అంటే సుబ్బారావుగారికి తెలిసిపోదా? కంటి సంగతీ అందులో ఉంది. ఆయనకి కాపీ ఇస్తానని మాటిచ్చాను. మీరు వద్దంటే మిమ్మల్ని మొత్తం తీసేస్తాను."

"తీసేస్తే?"

"ముప్ఫైమందే అవుతారు."

"అంటే నేను ఈ షెడ్డులో లేనట్టా?"

జైతూన్ బీ కొంగుతో మొహం తుడుచుకుంది. తీసెయ్యమ్మా తల్లీ అనబోయింది, ఆ మాట పెదాల దాకా వచ్చింది కూడా. కానీ పదిహేడేళ్ళు కుట్టి కుట్టి, ఈ షెడ్డు మనుషుల గురించి రాసిన కాగితంలో తను లేకపోవడమా? టీ కలిపే మనిషి కూడా ఉంటాడే!

"ఇక్కడే ఉండు," అని దీవెనతో చెప్పి లోపలికి నడిచింది. అద్దాల గది పాతికడుగుల దూరం. మధ్యలో రెండుసార్లు బస్సు ఫ్రేము పట్టుకుని ఆగింది. తలుపు తీసి గడపలోనే నిలబడింది.

"ఏంటి జైతూన్ బీ?" అన్నారు సుబ్బారావుగారు.

"అయ్యగారూ, నా కంట్లో పొర వచ్చింది. ఏప్రిల్ నుంచీ సూది కనపడట్లేదు. దారం ముడివేసి కుడుతున్నా. ఆ కాగితంలో వస్తుందంట, అందుకని ముందు నేనే చెప్తున్నా."

ఆయన లేచి వచ్చి, ఆవిడ ఆ వారం కుట్టిన సీట్లలో నాలుగింటిని తిరగేసి బోర్లేసి చూశారు. కుట్టు వెంట వేలు పోనిచ్చారు. షెడ్డులో మిషన్లన్నీ ఆగిపోయాయి. అమలమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నాలుగు నెలలు నాకు చెప్పలేదేం?"

"తీసేస్తారని."

"ఆపరేషన్ చేయించుకో. నలభై రోజులు సూది ముట్టుకోకు. తర్వాత చూద్దాం."

"చూద్దామంటే?"

"చూద్దామంటే చూద్దామనే," అని ఆయన గదిలోకి వెళ్ళిపోయారు.

జైతూన్ బీ గేటు దగ్గరికి తిరిగొచ్చింది.

"రాసుకో పాపా. భయపడిందని రాయి, పరవాలేదు. పనిలో మోసం చేసిందని మాత్రం రాయకు."

"అలా నేనెందుకు రాస్తానండీ?"

"ఏమో! మనుషుల్ని గుంపులుగా కట్టేదానివి, ఏమైనా రాస్తావు."

దీవెన నవ్వబోయి ఏడ్చింది. వెనకాలే పరిగెత్తుకొచ్చిన అమలమ్మ మాత్రం తిట్టడం మొదలుపెట్టింది. "పక్కనే చచ్చానుగదే నేను! ఒక్క మాట చెబితే దారం ఎక్కించకపోదునా, గర్విష్టిదానా!"

ఆపరేషన్‌కి జైతూన్ బీ భయపడలేదు. నలభైఒకటో రోజుకి భయపడింది. ఆ రోజు ఎనిమిదికే గేటు దగ్గర నిలబడితే, వాచ్‌మన్ ఏమీ అనకుండా తలుపు తీశాడు. మిషన్ ఉన్నచోటే ఉంది. దారం ఒక్కసారికే బెజ్జంలో దూరింది. సుబ్బారావుగారు దాటిపోతూ ఒకసారి చూశారు. ఉండమనీ అనలేదు, పొమ్మనీ అనలేదు. ఆయన చూస్తానన్నది చూశారో లేదో తెలీక, మిగిలే ముగ్గురి గుసగుసా తేలక, జైతూన్ బీ ఇంకో ఏడాది బిక్కుబిక్కుమంటూనే కుట్టింది. సీట్లు మాత్రం ముడత లేకుండా వచ్చేవి.