నీళ్ళొదిలే యేసుపాదం

యేసుపాదానికి కోపం వస్తే వాల్వు తిప్పక్కర్లేకుండానే కుళాయిల్లోకి నీళ్ళు పరిగెత్తుకొచ్చేవని అనకాపల్లిలో చెప్పుకునేవారు. నెహ్రూ చౌక్‌లో నిలబడి ఆయన ఒక కేక వేస్తే, సబ్బవరంలో పాలిస్తున్న గేదె బిందెని తన్నేసేదట. గేదె సంగతి ఎవరూ వెళ్ళి చూసిరాలేదు గానీ, కేక మాత్రం నిజం.

పదమూడేళ్ళుగా ఆయన పని నీళ్ళు వదలడం. భుజాన నాలుగడుగుల ఇనుప రాడ్డు, చేతికి గడియారం, కింద డొక్కు సైకిలు. రోడ్డు మీద ఇనుప మూత ఎత్తి, గుంతలో ఉన్న వాల్వుకి రాడ్డు తగిలించి తిప్పితే ఆ వీధికి నీళ్ళు వస్తాయి. టైమవగానే బిగిస్తే ఆగిపోతాయి. అంతే ఉద్యోగం. ఆ పని మీదే ఆయనకి 'నీళ్ళొదిలే యేసుపాదం' అని పేరు. కుళాయి దగ్గర ఆడవాళ్ళు ఆ పేరుని కూడా వదల్లేదు. "ఈడు మన వీధికి నీళ్ళొదిలేడా, మన వీధి మీద ఆశ ఒదిలేసి నీళ్ళొదులుకున్నాడా?" అని నవ్వేవారు. ఆయన నవ్వేవాడు కాదు.

గుడిలో మాత్రం ఆయన్ని ఎవరూ లెక్కలోకి తీసుకునేవారు కాదు. బాప్టిస్టు సంఘం వాళ్ళది. ఆదివారం రెండో పాటకే ఆయన కునుకు తీసేవాడు. గొంతు కలిపితే హార్మోనియం వాయించే ఆయన మెట్లు మర్చిపోయేవాడు. ఒకసారి ప్రార్థన చెయ్యమంటే లేచి, "ప్రభువా, అన్నీ నీకు తెల్సు. ఆమేన్" అని కూర్చున్నాడు. మళ్ళీ ఎవరూ అడగలేదు.

రెండువేల మూడు మే నెలలో ఎండ ఎలా కాసిందంటే, శారదా నదిలో దిగిన కాకులు కాళ్ళు కాలి ఒంటికాలి మీద నిలబడేవి. నదిలో ఇసకే మిగిలింది. ఏ వీధికైనా రెండు రోజులకోసారి, అరగంట నీళ్ళు. గుడి వీధికి ఒకరోజు, పక్కనున్న చేపల సందుకి మర్నాడు. రాజయ్యపేట నుంచి వచ్చి స్థిరపడి, తట్టలు నెత్తిన పెట్టుకుని చేపలమ్ముకునే పాతిక కుటుంబాల సందు అది. పైపు చివర్న ఉంది. నీళ్ళు అక్కడికి చేరేసరికి దారం లావున వచ్చేవి.

ఆ నెలలోనే ఒక బుధవారం జెఫ్రీ గారు స్కూటరు మీద యేసుపాదం ఇంటికి వచ్చారు. సంఘానికి పెద్ద. రిటైరైన ఆఫీసరు. ఆయన ప్రార్థన మొదలుపెడితే ఆమేన్ వచ్చేలోపు ఇడ్లీ పిండి పులిసిపోతుంది. ఆయన ఈ ఇంటి గడప తొక్కడం అదే మొదటిసారి. యేసుపాదం భార్య దీవెనమ్మ ఉన్న ఒక్క కుర్చీనీ కొంగుతో మూడుసార్లు తుడిచింది.

"బ్రదర్, ఈ ఆదివారం బాప్తిస్మాలు. తొమ్మిది మంది. మీ అమ్మాయి కూడా ఉంది" అన్నారు జెఫ్రీ గారు.

"తెల్సండి."

"గుడిలో బాప్తిస్మానికి ముంచే తొట్టి ఖాళీగా ఉంది."

"ఊళ్ళో అన్నీ ఖాళీయేనండి."

"అందుకే వచ్చాను. శుక్రవారం పదకొండింటికి గుడి వీధి వైపు ఒక గంట వదిలెయ్యి. తొట్టి నిండిపోతుంది."

"శుక్రవారం సేపల సందు వంతండి."

"ఒక్కరోజు ఆగలేరా వాళ్ళు?"

"ఒక్క వంతు పోతే నాలుగు రోజులండి. సేపలు కడిగిన సేతుల్తో నాలుగు రోజులు ఎలాగుంటారండి?"

"దేవుడి పని బ్రదర్ ఇది."

యేసుపాదం చెవులు ఎర్రబడ్డాయి. దీవెనమ్మ ఆ చెవులు చూసి లోపల నుంచి దగ్గింది. ఆయన వినిపించుకోలేదు.

"గుడికి రెండిళ్ళ అవతల మీదే కదండీ ఇల్లు. బోరుంది, మోటారుంది. పైపు లాగితే సాయంత్రానికి నిండిపోద్ది."

జెఫ్రీ గారు చొక్కా కాలరు సర్దుకున్నారు. "ఆ నీళ్ళు కాస్త ఉప్పన."

"బాప్తిస్మానికి తాగుతారేటండి?"

లోపల గదిలో ఎవరో ఫక్కుమని నవ్వి నోరు మూసుకున్నారు. అది కూతురు సుజి. జెఫ్రీ గారు లేచి నిలబడ్డారు. "ఆదివారం తొట్టి నిండకపోతే సంఘానికి కారణం చెప్పాలి. పేరు పెట్టి చెప్తాను" అని స్కూటరు తన్నారు. నాలుగు తన్నులకి గానీ అది కదల్లేదు.

స్కూటరు సందు మలుపు తిరగ్గానే దీవెనమ్మ బయటికొచ్చింది. "ఏటయ్యా నువ్వు! మంగళవారం పిల్ల కాకినాడ నర్సింగు ట్రైనింగుకి పోతంది. మూడేళ్ళు. ఈ ఆదివారం దాటిపోతే మళ్ళీ ఎప్పుడు?"

ఆవిడ అన్నది ఆయనకి తెలియనిది కాదు. సుజి రెండేళ్ళ కిందట ఒకసారి, పోయినేడు ఇంకోసారి బాప్తిస్మం వద్దంది. 'గుడిలో ఏడుస్తూ పాడినోళ్ళే బయటికొచ్చి పనిమనిషిని తిడతారు, నేను ఆ లైన్లో నిలబడను' అంది. ఈ ఏడాది ఎవరూ అడక్కుండానే తనంతట తానే పేరిచ్చింది. యేసుపాదం ఆ రోజు ఎవరికీ చెప్పకుండా సైకిలుకి కొత్త బెల్లు కొన్నాడు. పదిహేడేళ్ళ పిల్ల మనసు. ఈ ఆదివారం తలుపు మూసుకుంటే మళ్ళీ తడుతుందన్న నమ్మకం లేదు.

"ఒక్క గంట" అంది దీవెనమ్మ.

"నోర్ముయ్" అన్నాడు. ఆ రెండు రోజులూ ఇంట్లో అందరికీ అదే సమాధానం. పెరట్లో మేకకి కూడా.

శుక్రవారం పదకొండుకి ఆయన మూత ఎత్తాడు. గుంతలో రెండు వాల్వులు. ఎడమది గుడి వీధికి, కుడిది చేపల సందుకి. సందు మొదట్లో బిందెలు వరసగా ఉన్నాయి, వాటి వెనక కొర్లమ్మ నిలబడి ఉంది. అరవై ఏళ్ళ మనిషి, ఆ సందుకంతటికీ ఆవిడే నోరు.

ఆయన రాడ్డు ఎడమ వాల్వుకి తగిలించాడు. రెండు చుట్లు తిప్పాడు. భూమిలో నీళ్ళు గుడి వైపు ఉరకడం అరికాళ్ళకి తెలిసింది. బాప్తిస్మానికి కొన్న సుజి తెల్లచీర కళ్ళ ముందుకొచ్చింది. మూడో చుట్టు తిప్పబోయాడు.

"ఏటి పాదం, రాలేదింకా! నిద్దరోతన్నావేటి?" అని కొర్లమ్మ అరిచింది.

ఆయనకి ఒళ్ళు మండిపోయింది. కొర్లమ్మ మీద కాదు. రాడ్డు పట్టుకున్న తన రెండు చేతుల మీద. 'థూ' అని, ఎడమ వాల్వుని మళ్ళీ ఎవరూ తిప్పలేనంతగా బిగించి, కుడిది విప్పేశాడు. మర్నాడు గుడి వీధి వంతులో ఇళ్ళవాళ్ళు పట్టుకోగా మిగిలిన నీళ్ళు తొట్టిలో చీలమండ దాకా వచ్చాయి.

ఆదివారం పొద్దున గుడికి వెళ్తుంటే జెఫ్రీ గారి గేటు ముందు రోడ్డు తడిగా ఉంది. లోపల క్రోటన్ మొక్కలకి నీళ్ళు తోడే సిమెంటు తొట్టి, నడుం దాటి లోతు. మోటారు కట్టడం మర్చిపోయారు. తొట్టి పొర్లి, గేటు కింద నుంచి పారి, మురిక్కాలవలో పడుతోంది. యేసుపాదం సైకిలు దిగి ఆ నీళ్ళు చూస్తూ నిలబడ్డాడు. "పదయ్యా, టైమవుతంది" అని దీవెనమ్మ చెయ్యి పట్టి లాగింది. ఆయన చెయ్యి కొలిమిలోంచి తీసినట్టుందని తర్వాత చెప్పింది.

గుడిలో వేదిక ముందు చెక్కలు తీసి పెట్టారు. కింద తొట్టి నోరు తెరుచుకుని ఉంది. తొమ్మిది మంది తెల్లబట్టల్లో ముందు వరసలో కూర్చున్నారు. పాటలయ్యాక జెఫ్రీ గారు లేచారు.

"సహోదరులారా, ఈ రోజు సాక్ష్యాలు మాత్రమే ఉంటాయి. బాప్తిస్మాలు వానలు పడేదాకా వాయిదా. మన సంఘంలోనే ఒక బ్రదర్, యేసుపాదం, దేవుని మందిరానికి ఒక్క గంట నీళ్ళు వదలకుండా మనసు కఠినపరచుకున్నాడు."

నూట యాభై తలలు వెనక్కి తిరిగాయి. యేసుపాదం ఆ రోజు కునుకు తియ్యలేదు. బెంచీ అంచు పట్టుకుని కూర్చున్నాడు. బెంచీ కిర్రుమంది.

సాక్ష్యాలు మొదలయ్యాయి. ఏ వాక్యం చదివి నమ్మారో చెప్పడం వాళ్ళ సంఘంలో పద్ధతి. ఒక్కొక్కరూ అధ్యాయం, వచనం అంకెలతో సహా అప్పజెప్పి కూర్చున్నారు. చివర్న సుజి లేచింది.

"ఏ వాక్యం అమ్మా?" అన్నారు జెఫ్రీ గారు.

"వాక్యం కాదండి. మా నాన్న."

ఎవరో నవ్వారు. సుజి ఆగలేదు.

"మా నాన్నకి పాట రాదు, ప్రార్థన రాదు. నోరు మంచిది కాదు. రోజూ తిడతాడు. కానీ పదమూడేళ్ళలో మా వీధికి ఒక్క నిమిషం ఎక్కువ వదల్లేదు. మా అమ్మ బోరింగు కాడ నించుని బిందెలు మోసింది. నేను మోసేను. నీళ్ళొదిలేవాడి కూతురివి నీకేటి కష్టమే అని బళ్ళో నవ్వేవారు. చిన్నప్పుడు నాన్నని అసహ్యించుకున్నాను. ఊళ్ళో అందరికీ తిప్పేవాడు, మాకు తిప్పడేటని. ఎందుకు తిప్పలేదో ఈ ఏడు తెల్సింది నాకు. అది చూసే పేరిచ్చేను. ఇప్పుడు నా కోసం ఆయన చేపల సందు నీళ్ళు తిప్పేసుంటే, నేనే ఈ తొట్లోకి దిగేదాన్ని కాదు."

"సాక్ష్యంలో వాక్యం ఉండాలమ్మా" అన్నారు జెఫ్రీ గారు.

అప్పుడు లేచాడు యేసుపాదం. ఆ కేకకి పైన తిరుగుతున్న ఫ్యాను ఒక్క క్షణం ఆగి చూసిందంటారు.

"వాక్యం కావాలేటండి మీకు? మీ గేటు ముందు పారతంది, ఎల్లి సదూకోండి! మొక్కల తొట్టి నిండి కాలవలోకి పోతంది పొద్దున్నుంచీ! కాలవకిచ్చేరు గానీ గుడికివ్వలేదు మీరు! సేపలమ్ముకునేవోళ్ళ గొంతు తడి లాగేసి ముంచితే పాపాలు పోతాయేటండి? ఇంకోటి అంటుకుంటాది!"

పాస్టరు అరుణ్ కుమార్ గారు కుర్రాడు, వచ్చి రెండేళ్ళు కాలేదు. ఇన్నాళ్ళూ జెఫ్రీ గారు దగ్గితే కూర్చునేవాడు, మళ్ళీ దగ్గితే లేచేవాడు. ఆయన మెల్లిగా చెప్పులు విడిచాడు.

"జెఫ్రీ గారూ, మీ తొట్టి ఎంత లోతండీ?"

"ఆ... అది మొక్కల తొట్టి అయ్యగారూ. నాచు ఉంటుంది."

"నది కంటే శుభ్రంగానే ఉంటుంది. రండి."

ముందు తొమ్మిది మంది తెల్లబట్టలు, వెనక నూట యాభై మంది. హార్మోనియం ఇద్దరు మోశారు. జెఫ్రీ గారు తన ఇంటి తాళాలు జేబులో వెతుక్కుంటూ అందరికంటే ముందు నడవాల్సొచ్చింది.

యేసుపాదం గుడి మెట్ల మీద గడియారం చూసుకున్నాడు. పదకొండు. చేపల సందు వంతు.

"పది నిమిషాలు ఆగయ్యా. పిల్ల మునిగే ఒక్క నిమిషం సూసి ఎల్లు" అంది దీవెనమ్మ.

ఆయన కూతురి వైపు చూశాడు. సుజి తొమ్మిది మందిలో చివర్న నడుస్తోంది, వెనక్కి తిరగలేదు. వరసలో చివర, అంటే అరగంట. ఆయన పళ్ళు కొరికాడు. సైకిలు మీద రాడ్డు వేసుకుని రెండో వైపు తొక్కాడు.

"ఏడు నిమిషాలు ఆలీసం!" అంది కొర్లమ్మ గుంత దగ్గర. "పైన ఎండ సూసేవా? నీ గుడీ నువ్వూ ఎక్కడైనా పోండి, మా నీళ్ళు మాకు పడీ!"

"ఒదుల్తన్నాను కదప్పా! మింగేత్తావేటి?"

నీళ్ళు వచ్చాయి. బిందెలు మోగాయి. పక్కన గుడి వీధిలోంచి పాట వినిపిస్తోంది, ఆగుతోంది, మళ్ళీ వినిపిస్తోంది. ఆగినప్పుడల్లా ఒకరు మునిగినట్టు. ఆయన వద్దనుకుంటూనే లెక్కపెట్టాడు. ఎనిమిది. జెఫ్రీ గారి మీద కోపం, నవ్విన వాళ్ళ మీద కోపం, గడియారం మీద కోపం. దేవుడి మీద కూడా కాస్త ఉంది, దాచుకోలేదు. తొమ్మిదోసారి పాట ఆగింది. ఆయన తల వంచుకుని వాల్వు వైపు చూస్తూ ఉండిపోయాడు.

కాసేపటికి సందు మొదట్లో గోల లేచింది. సుజి వస్తోంది. చీర ఒంటికి అంటుకుపోయి, జుట్టులోంచి నీళ్ళు కారుతూ, పరిగెత్తుతోంది. అడుగు పడిన చోటల్లా రోడ్డు తడిసిపోయి, వెంటనే ఆరిపోతోంది.

కొర్లమ్మ చూసింది. రెండు చేతులూ నడుం మీద పెట్టుకుంది.

"ఓలమ్మో! సూడండర్రా! మాకు అరగంట నించుంటే ఆరు బిందెల్రావు, ఈడి కూతురు నిలువునా తడిసొచ్చింది! పదమూడేళ్ళకి దొరికేడు ఈడు!"

"అది బాప్తిస్మం అప్పా!" అని అరిచాడు యేసుపాదం.

"ఏదైతే నాకేటి? నీళ్ళేనా కాదా?"

"జెఫ్రీ గారి నీళ్ళు!"

"ఆయన ఒగ్గేడా? మా దుర్గాలచ్చిమి సెంబెడడిగితే గేటేసేసిన మనిషి!"

"ఊరంతా ఆయన ఇంట్లో ఉంది పెద్దమ్మా, ఒగ్గక ఏం చేస్తాడు" అంది సుజి ఎగరొప్పుతూ. తర్వాత తండ్రి వైపు తిరిగింది. "నువ్వు రాలేదు."

"నీళ్ళెవడొదుల్తాడే ఇక్కడ? మీ తాతా?"

"తెల్సు. నన్ను ముంచే ముందు పాస్టరు గారు అడిగేరు, మీ నాన్న ఏడమ్మా, ఆగుదామా అని. ఆయన రాడు, డూటీలో ఉన్నాడు, కానీండి అన్నాను."

యేసుపాదం ఇందాక చూసిన గడియారమే మళ్ళీ చూసుకున్నాడు. కొర్లమ్మ ఆయన మొహం ఒకసారి, పిల్ల మొహం ఒకసారి చూసింది. తిట్టడం ఆపకుండానే, చేపల వాసన కొట్టే కొంగు తీసి సుజి తల గట్టిగా తుడవడం మొదలుపెట్టింది.

"జలుబు సేత్తాదే ఎర్రిదానా. తండ్రికి లేదు బుద్ధి, నీకూ లేదు. వొంగు."

యేసుపాదం మొహం అటు తిప్పుకున్నాడు. తిప్పుకున్నచోట కాసులమ్మ బిందె నిండి పొర్లుతోంది.

"ఒసే కాసులమ్మా! పోతన్నాయి సూడు! తియ్యే బిందె, ఎనకాల ఇంకా పదిమంది ఉన్నారు!"