ఈత కొలను ఉన్న కాలేజీ

బోధన్‌లో మా ఇంటర్ ఎకనామిక్స్ సారు కాలేజీ బ్రోచర్లను ఎప్పుడూ చివరి పేజీ నుంచి చదివేవారు. అసలు ఖర్చులన్నీ అక్కడే సన్న అక్షరాల్లో దాక్కుంటాయని ఆయన నమ్మకం. నేనేమో మొదటి పేజీలో స్విమ్మింగ్ పూల్ చూసి హైదరాబాద్ కాలేజీ ఒకటి ఖాయం చేసుకున్నాను.

"స్కాలర్‌షిప్ ఒస్తది కద సార్," అన్నాను దర్జాగా.

"గా స్కాలర్‌షిప్ కాలేజీ ఫీజు మందమే ఒస్తది. హాస్టల్‌కు, మెస్సుకు మీ బాపే కట్టాలె. ఇంతకు నీకు ఈతొస్తదా?"

రాదు. చివరికి హాస్టల్ ఖర్చుకు జడిసి నిజామాబాద్‌లోనే, రోజూ బస్సులో పోయి డిగ్రీ చదివాను. రోషంకొద్దీ నిజాంసాగర్ కాలువలో ఈత నేర్చుకున్నాను. తర్వాత నా బిడ్డకూ నేర్పాను.

మొన్న అది స్విమ్మింగ్ పూల్ బొమ్మున్న బ్రోచర్ తెచ్చింది. సారులాగే చివరి పేజీ తిప్పి, గంభీరంగా అడిగాను.

"నీకు ఈతొస్తదా?"

"నువ్వే నేర్పిస్తివి కద బాపూ!"