పీకేసిన కొయ్యమేకులు

కొల్లేటి లంకల్లో టేపు పట్టుకుని తిరిగే మనిషిని ఎవరూ నమ్మరు. ఆర్కిటెక్చర్ చదువులో ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. మాది తాడేపల్లిగూడెం, ఆఫీసు ఏలూరులో. ఒక సేవాసంస్థ అడిగితే, ముంపులో చిక్కుకునే ఒక లంక ఊరికి వరద షెల్టర్ డిజైన్ చేయడానికి వెళ్లాను. ఆ ఊళ్లో రెండు పార్టీలు, రెండు వీధులు. ఒక వీధిలో పెళ్లయితే రెండో వీధివాళ్లు వెళ్లరు.

మొదటి రోజే చేపల చెరువుల రైతొకాయన నా వెనకాలే నడిచాడు. ఒక పార్టీకి ఆయనే పెద్ద.

"సర్వేకి వచ్చారాండీ?"

"కాదండీ, షెల్టర్ కట్టడానికి."

"మొదట అందరూ అలాగే అంటారండీ. తర్వాత పొక్లెయిన్లొచ్చి గట్లు తెంపేస్తాయి."

అభయారణ్యం హద్దులో ఉన్నాయని వాళ్ల చెరువుల గట్లు ప్రభుత్వం ఒకసారి తెంపించేసింది. ఆ భయం ఊరికే పుట్టలేదు. ఆయన నాతో మాట్లాడాడు కాబట్టి నేను ఆయన మనిషినేనని అవతలి వీధి తీర్మానించుకుంది.

రెండు వీధుల మధ్య ఖాళీ స్థలంలో హద్దులకి కొయ్యమేకులు కొట్టి వచ్చాను. మూడు రోజులకి వెళ్తే ఒక్కటీ లేదు. నేరుగా ఆ రైతు ఇంటికే వెళ్లాను.

"ఇష్టం లేకపోతే చెప్పొచ్చు కదండీ. పీకించడం ఎందుకు?"

ఆయన మొహం మాడిపోయింది. "నేను పీకించలేదండీ" అని లోపలికి వెళ్లిపోయాడు. నేను నమ్మలేదు.

తిరిగి వస్తుంటే చర్చి దగ్గర ఒక ముసలావిడ ఆపింది. ఊళ్లో సగం మందికి పురుడు పోసిన మనిషి.

"మేకులు నేనే పీకానమ్మాయ్. పొయ్యిలోకి పనికొచ్చాయి."

"ఎందుకు మామ్మగారూ?"

"వరదొస్తే అక్కడ నీళ్లు సుడి తిరుగుతాయి. మగాళ్లని అడిగావు. పిల్లల్ని చంకనేసుకుని నడిచేవాళ్లని అడిగావా?"

అడగలేదు. అది పల్లమని తెలుసు, స్తంభాల మీద ఎత్తి కడతాను కదా అనుకున్నాను. అక్కడిదాకా ఎలా నడిచొస్తారో ఆలోచించలేదు. చర్చి గోడ మీద పాత వరద చార ఆవిడ చూపించింది. నా మోకాలికి కూడా రాలేదు.

వెనక్కి వెళ్లి రైతుకి క్షమాపణ చెప్పాను. "సరేలెండి" అన్నాడు, నా మొహం చూడకుండా.

చర్చి పక్క మెరకన, పంచాయతీ స్థలంలో, ఈసారి షెల్టర్ మొత్తాన్ని అసలు కొలతలతో నేల మీద సున్నంతో గీశాను. రెండు వీధులవాళ్లూ దూరం నుంచే చూశారు. ముసలావిడ గీతల్లోకి వచ్చి కూర్చుంది. "ఇక్కడ బాలింతని పడుకోబెడితే గాలెలా వస్తుందీ?" అంది. అవతలి వీధి ఆడమనిషొకామె జవాబు చెప్పడానికని లోపలికి వచ్చింది. తర్వాత ఒక్కొక్కరే. రైతు చివర్న వచ్చి, నా కొలత నిజమో కాదోనని అడుగులేసి చూసుకున్నాడు. ఎవరి మెట్లు వాళ్లకి కావాలన్నారు. ఒక్క మెట్లదారే ఉండాలని నా పట్టుదల. అయినా రెండు గీశాను.

షెల్టర్ పూర్తయిన మరుసటి ఏడే వరదొచ్చింది. పడవ మీద వెళ్లి చూశాను. హాల్లో ఎవరి పక్క వాళ్లది, ఎవరి వంట వాళ్లది. బాలింతల గది మాత్రం ఒకటే. మధ్యాహ్నం నేను రెండు వంటల దగ్గరా కొంచెం కొంచెం అన్నం తిన్నాను. ఒక్కచోటే తింటే ఏమనుకుంటారో నాకు తెలుసు.