బొంగరం గీత దాటని ఆరు వారాలు

మెట్ల కింద గదిలో కూర్చునే ఆవిడని బడిలో పిల్లలు స్టాప్‌వాచీ టీచరంటారు. ఇరవై రెండేళ్ళుగా ఆ వాచీ ఆవిడ మెడలోనే ఉంది. ఆ గది ఒకప్పుడు విరిగిన బెంచీలు పడేసే కొట్టు. ఇప్పుడక్కడ ఒక బల్ల, రెండు కుర్చీలు. విరామం గంట కొట్టగానే నెత్తిమీద పిల్లల కాళ్ళు దడదడలాడతాయి. అది సద్దుమణిగేదాకా పాఠం ఆపాల్సిందే.

ఆ బడిలో పద్ధతి మూడు అంచెలు. ముందు అందరికీ తరగతిలోనే చెబుతారు. అందుకోలేనివాళ్ళని ఐదారుగురిని కలిపి విడిగా కూర్చోబెడతారు. అప్పటికీ లాభం లేకపోతే ఒక్కొక్కరినే ఈవిడ దగ్గరికి పంపుతారు. ప్రతి శుక్రవారం ఒక కొత్త పేరా ఇచ్చి, నిమిషంలో ఎన్ని మాటలు తప్పు లేకుండా చదివారో లెక్కపెట్టి, గళ్ళ కాగితం మీద చుక్క పెడుతుందావిడ. ఎనభై దగ్గర ఎర్రగీత. గీత దాటిన పిల్లకి చప్పట్లు కొట్టి, సోమవారం నుంచి గుంపులోకి పంపేస్తుంది. ఆ చప్పట్లు కొట్టడమంటే ఆవిడకి మహా ఇష్టం.

అలా ఆవిడ దగ్గరికొచ్చిన ప్లంబరు కూతురికి తొమ్మిదేళ్ళు. ఒకచోట కుదురుగా ఉండదని బొంగరం అని పేరు పడింది. కొత్తలో పుస్తకాలు చింపింది, పక్కపిల్లని కొరికింది. అందుకని టీచరు దానికో కార్డు పెట్టింది. పొద్దున్నే గదికొచ్చి పలకరించి కార్డు తీసుకోవాలి. ప్రతి పిరియడు టీచరు చేతా బుద్ధిగా ఉన్నట్టు అందులో గుర్తు వేయించుకోవాలి. సాయంత్రం ఇద్దరూ కూర్చుని చూసుకోవాలి. కొరకడం మానేసింది. చదువు మాత్రం కదల్లేదు. ఆరు వారాలు, ఆరు చుక్కలు, అన్నీ యాభై దగ్గరే చాప పరిచినట్టు.

హెడ్‌మాస్టరు పిలిచాడు. "సోమవారం మీటింగు మేడమ్. ఆ పిల్లని ఊరవతల ప్రత్యేక బడికి పంపేద్దామనుకుంటున్నాం. మీ కాగితమే చెబుతోంది కదా."

"నా కాగితం ఎప్పుడూ తప్పు చెప్పలేదు సార్," అంది టీచరు. కాదనడానికి ఆవిడ దగ్గర ఏమీ లేదు.

గురువారం సాయంత్రం వరండాలో కుళాయి బాగుచేయడానికి ప్లంబరే వచ్చాడు. కూతురు పక్కన గొంతుక్కూర్చుంది.

"ఆ డబ్బా మీద ఏముందో చదువు తల్లీ, కళ్ళజోడు మర్చిపోయాను."

"రెండు కొసలూ పొడిగుడ్డతో తుడవాలి. జిగురు పల్చగా పూయాలి. పదిహేను నిమిషాల వరకు నీళ్ళు వదలరాదు. నువ్వెప్పుడైనా అంతసేపు ఆగావా నాన్నా? అందుకే మనింట్లో కారుతోంది."

"నోర్మూసుకుని చదువు."

"నోరు మూసుకుంటే ఎలా చదవను?"

తలుపు వెనకాల టీచరు బొటనవేలు అలవాటుకొద్దీ వాచీ నొక్కేసింది. పిల్ల హెచ్చరికలతో సహా డబ్బా అంతా చదివేసింది. ఎలా చూసినా నిమిషానికి తొంభైకి తక్కువ లేదు.

మర్నాడు పొద్దున్న కార్డుకోసం వచ్చినప్పుడు అడిగింది. "నా దగ్గర ఎందుకే తడబడతావు?"

పిల్ల బల్ల అంచు గోకింది. "గీత దాటితే వెళ్ళగొడతారుగా."

"వెళ్ళగొట్టడమేంటి? చప్పట్లు కొట్టి పంపిస్తా."

"ఏదైతేనేం. పోయినసారి దాటిన అక్కని మళ్ళీ ఇక్కడికి రానిచ్చారా? కార్డు కూడా తీసేసుకున్నారు."

తీసేసుకున్న మాట నిజమే. చదువు గాడిలో పడితే కార్డూ అక్కర్లేదని, రెండూ ఒక్క రోజే ఆపేయడం ఆవిడ అలవాటు. ఇన్నేళ్ళలో అందులో తప్పుందని తోచలేదు.

"ఇలాగే చదివితే సోమవారం నిన్ను వేరే బడికి పంపుతారు. అక్కడ నేనుండను," అని దాచకుండా చెప్పింది.

పిల్ల మొహం పాలిపోయింది. "మీరు చెప్పలేదేం?"

"చెప్పాల్సింది. నాదే తప్పు. చదువులో గీత దాటు. కార్డు మాత్రం ఆపను, రోజూ పొద్దున్నే వచ్చి తీసుకో."

"ఎన్నాళ్ళు?"

"నువ్వు చాలనేదాకా."

"ఒట్టు?"

"ఒట్టు. కూర్చో, చదువు."

చదివింది. తొంభై ఆరు. ఏడో చుక్క ఎర్రగీత మీద నుంచి ఎగిరి కూర్చుంది.

సోమవారం హెడ్‌మాస్టరు కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. "ఒక్క వారంలో ఇంతా?"

"ఆ ఆరు చుక్కలూ తప్పు సార్. నమ్మకం లేకపోతే పిలిచి, మీకు నచ్చిన పుస్తకం ఇవ్వండి."

పిలిచారు. ఆయన తన బల్ల మీది సర్క్యులరు ఇచ్చాడు. అందులో రెండు మాటలకి అర్థమేమిటని పిల్ల ఎదురడిగితే ఆయనకీ తట్టలేదు. వేరే బడి మాట అక్కడితో ఆగిపోయింది.

బొంగరం గుంపులోకి వెళ్ళింది. మూడు వారాలు రోజూ పొద్దున్నే వచ్చి కార్డు తీసుకుంది. నాలుగో వారం ఒక రోజు రాలేదు. టీచరు ఉండబట్టలేక తరగతికెళ్ళి చూసింది. పిల్ల ముందు బెంచీలో మరో అమ్మాయితో కిటికీ పక్క చోటుకోసం వాదిస్తోంది, కొరక్కుండానే.

"కార్డు వద్దా?"

"రేపొస్తాలెండి టీచర్. ఇప్పుడు పనుంది."

టీచరు కార్డు పట్టుకుని గదికి తిరిగొచ్చింది. ఆ రోజు గడిలో ఏం రాయాలో తోచక ఖాళీగా వదిలేసింది.