రాజమణి రెండు పుస్తకాలు

నోటుపుస్తకం ముట్టేముందు రాజమణి వేళ్లకంటిన పొగాకు పొడిని కొంగుకు తుడుచుకుంటుంది. కోరుట్లలో బీడీలు చుట్టే ఆమె దగ్గర సగం రాసిన పుస్తకాలు రెండున్నాయి. ఒకటి తోటి బీడీ కార్మికుల కథలు. రెండోది ఎనిమిదేళ్లుగా మస్కట్‌లో ఉన్న భర్త భూమేశ్ మీద నవల. రెండూ ముందుకు సాగడం లేదు. ఇక ఒకదాన్నే పట్టుకోవాలి. నవలలో అతను రోజూ సాయంత్రం కిటికీ దగ్గర నిలబడి ఊరివైపు చూస్తాడు. ఆదివారం ఫోన్‌లో అడిగింది: "నీ రూం కిటికీలకెల్లి ఏం కనవడ్తది? చెప్పు, రాస్త."

"కిటికి ఏడున్నదే? పదిమందిమి, ఒక్క ఫ్యాను. నన్నేం రాస్తవ్, బీడీలోళ్లను రాయి, సదివి నవ్వుతరు."

తిన్నావా అని అడిగి ఫోన్ పెట్టేసింది.

మర్నాడు పొద్దున కథల పుస్తకాన్ని బీడీ దారంతో కట్టి అటకెక్కించింది. నవల మొదటి పేజీ తెరిచి, కిటికీ కనిపించిన చోటల్లా కొట్టేస్తూ పోయింది.