బావ అద్దంలో నేను చూడని తీగ

మొన్న మా మేనకోడలు ఫోన్‌కు ఒక ఫొటో పంపింది. ఒకదాన్నొకటి లాక్కుంటున్న రెండు గెలాక్సీలు, వాటి నడుమ సన్నని వెలుగుతీగ. "మామా, నాయిన టెలిస్కోపుల నువ్వు గిదే జూసినవంట గదా!" అని కింద రాసింది. గదిలో ఒక్కణ్ణే ఉన్నా తల దించుకున్నాను.

ఎనభైల చివర్లో మా అక్కావాళ్లు నాచారంలో ఉండేవారు. అక్కడి ఫ్యాక్టరీలో లేత్ మీద పనిచేసే మా బావ, షిఫ్టు దిగి వచ్చాక మందపాటి గాజుబిళ్లను ఏడాదిపాటు చేత్తో అరగదీసి, పన్నెండంగుళాల అద్దంగా మలిచి, రేకు గొట్టంలో బిగించి, మనిషెత్తు టెలిస్కోపు కట్టారు. ఉప్పల్‌లో గది తీసుకుని డిగ్రీ చదువుతున్న నేను ఖగోళ పుస్తకాలు తిరగేసేవాణ్ణని ఆయనకు నా మీద మహా గురి.

ఒక అమావాస్యనాడు, నా పుస్తకంలో ఉన్న ఆ జంట గెలాక్సీలను చూద్దామని, దాన్ని ట్రాలీ ఆటోలో వేసుకుని నగరం దాటి ఘట్‌కేసర్ అవతలి పొలాలకు వెళ్లాం. బావ చాలాసేపు చూసి, "రెండు మసక మచ్చలైతే కానొస్తున్నయ్. నడుమ ఏం లేదురా, నువ్వు జూడు" అన్నారు. నాకూ అంతే కనిపించింది. కానీ పుస్తకంలో బొమ్మ చూసి వచ్చినవాణ్ణి, చదువుకున్నవాణ్ణి, ఆయనకంటే ఎక్కువ కనబడకపోతే ఎలా అనుకున్నానో ఏమో, "తీగ సాఫ్‌గ కనవడుతుంది బావా" అనేసి, టార్చి వెలుగులో బొమ్మ కూడా గీసిచ్చాను.

అద్దంలోనే లోపముందనుకుని ఆయన దాన్ని మళ్లీ నెలల తరబడి అరగదీశారు. అయినా తీగ కనబడలేదు. "నా కండ్లే బోయినయ్. ఇగ నువ్వు జూసి చెప్పు, నేను రాసుకుంట" అన్నారు. అప్పటినుంచి తన చేతులతో కట్టుకున్న టెలిస్కోపు పక్కన, చీకట్లో నోటుబుక్కు పట్టుకుని నిలబడేవారు. నిజం చెబుదామనే ప్రతిసారీ బయలుదేరేవాణ్ణి, ఆయన సంబరం చూసి మళ్లీ తీగ ఉందనే చెప్పేవాణ్ణి.

చాలా ఏళ్లకు, ఆయన శుక్లాల ఆపరేషన్ కోసం దవాఖానా వరండాలో కూర్చున్నప్పుడు చెప్పాను. "బావా, ఆ తీగ నేనెన్నడు జూడలే."

ఆయన కోప్పడలేదు. "అయితే అప్పుడు నా కండ్లు మంచిగనే ఉండెనా?" అన్నారు.

ఆపరేషన్ బాగా జరిగింది, చూపు తిరిగొచ్చింది. ఈలోగా నగరపు దీపాల వెలుగు ఘట్‌కేసర్ దాటిపోయింది. ఇప్పుడు మేడెక్కితే పెద్ద చుక్కలు నాలుగు కనబడితే గొప్ప. ఆకాశం నల్లగా, ఆయన చూపు చక్కగా ఉన్న ఆ కొద్ది సంవత్సరాల్లోనే నేను మా బావను చూడనివ్వకుండా పక్కన నిలబెట్టాను.